ఒకే మొఖం, పన్నెండు బర్రెలు

పేడకుప్ప వెనక, గోడవైపు తిరిగి కూర్చుని బాలమ్మ పాలు పిండే చప్పుడు వింటోంది. కొంగు తల మీదుగా గడ్డం దాకా లాక్కుంది. తెల్లవారకముందే నల్లా దగ్గర నిలబడి నలభై బకెట్లు మోసింది. చీర కుచ్చిళ్ల తడి ఇంకా ఆరలేదు. ఈగ ఒకటి కొంగులోకి దూరి పెదవి మీద వాలింది. తోలుదామని చెయ్యెత్తింది.

"ఏయ్ బాలమ్మా, ఆ చెయ్యేంది? లోపటికి పెట్టు," అంది కెమెరా.

అది మాట్లాడే కెమెరా. పై అంతస్తులో పరుపు మీద పడుకుని కొట్టం సేటు వేణుగోపాల్ ఫోనులో చూస్తాడు, ఫోనులోనే తిడతాడు. దబీర్‌పురా రైలు కట్ట పక్క సందులో, పన్నెండు బర్రెల కొట్టంలో ఆ తిట్టు వినిపిస్తుంది. పనివాళ్లు పాలలో నీళ్లు కలుపుతారేమోనని నాలుగు వేలు పోసి పెట్టించాడు. ఏడింటికి తనే దిగివచ్చి క్యాన్లలో నీళ్లు పోసేటప్పుడు మాత్రం దాని తల పక్కకు తిప్పుతాడు. అంత తెలివైనవాడు.

బాలమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది. ఈగను ఉండనిచ్చింది.

చివరి బర్రె దగ్గర అంజన్ లేచి నడుం విరుచుకున్నాడు. పాలు పిండేది అతనే. ఒక్కో బర్రె ఎన్ని లీటర్లిచ్చిందో గోడమీది నల్లపలక మీద సుద్దతో వేసి, కింద మొత్తం రాయడం అతని పని. ఆ లెక్క చూశాకే పత్తర్‌గట్టి చాయ్ హోటళ్లకు ఎన్ని క్యాన్లు పోవాలో సేటు చెబుతాడు.

"ఎంతొచ్చినయ్ అంజన్?" గోడకే అడిగింది బాలమ్మ.

"యాభై ఒకటి, అక్కా." అతని గొంతులో భయం ఉంది. మామూలుగా పన్నెండు బర్రెలూ కలిసి అరవై ఇస్తాయి.

కెమెరా గరగరలాడింది. తర్వాత, "మొఖం దాచినా గాలి తగుల్తున్నట్టుంది. రేపట్నించి చెప్పులు బయట విడిచి రా," అంది.

ఈ మొఖం దాచుకోవడం నెల కిందట మొదలైంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చి ఐదున్నరకల్లా ఆగిపోతాయి. ఆ గంటలో పైపుతో తొట్టి నింపాలి, మిగతాది బకెట్లతో మోయాలి. కాబట్టి నల్లా రోజున బాలమ్మ అందరికంటే ముందు కొట్టంలో అడుగుపెట్టాలి. నల్లా లేని రోజు పేడ తీయడానికి, కడగడానికి ఏడింటికి వస్తే చాలు. ఆమె ముందు వచ్చిన రోజు పాలు తగ్గుతున్నాయని, రాని రోజు అరవైకి వస్తున్నాయని వేణుగోపాల్ పలక చూసి పసిగట్టాడు. వీడియో కాల్‌లో ఒక స్వామిని అడిగాడు. స్వామి వెయ్యిన్నూటపదహార్లు ఫోనుకే పంపించుకుని, "పశువులు పొద్దున్నే మొదట చూసే మొఖం ఎవరిది?" అని అడిగాడు.

బొట్టు లేని మొఖం. మరి చూడాల్సిందేముంది?

ఆ రోజు నుంచి బాలమ్మకు పేడకుప్ప వెనక చోటు దొరికింది. నీళ్లు నింపేదాకా ఆమె మొఖం బర్రెలకు చెడ్డది కాదు. బకెట్టు కింద పెట్టగానే చెడ్డదవుతుంది. పాలు పిండడం అయిపోయాక పేడ ఎత్తడానికి మళ్లీ మంచిదవుతుంది. అమావాస్య లోపల పాలు సర్దుకోకపోతే ఆమెను పనిలోంచి తీసేసి ఫలక్‌నుమా నుంచి వేరే మనిషిని తెస్తానని వేణుగోపాల్ చెప్పాడు. నెలకు ఎనిమిది వేలు, రోజూ అర లీటరు పాలు. ఆ ఎనిమిది వేలతోనే బాలమ్మ గది కిరాయి, మనుమరాలు అఖిల బడి ఫీజు నడుస్తున్నాయి. కూతురు కమల షాద్‌నగర్ వైపు కంపెనీలో చేస్తూ నెలకొకసారి వస్తుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకొకచోట పని ఇచ్చేదెవరు?

అన్నిటికంటే అన్యాయమైన సంగతి మరొకటుంది. బాలమ్మ కూడా దాన్ని నమ్మింది. ఆ బర్రెలను ఆమె బిడ్డల్లా చూసుకుంది. తన మొఖం చూసి వాటి పొదుగులు ఎండిపోతున్నాయంటే రాత్రుళ్లు దిండులో మొఖం దాచుకుని ఏడ్చింది.

*

అఖిల ఏడో తరగతి. ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఒకే ముక్కను ఊగుతూ వల్లె వేస్తోంది. "పరిశీలన, ప్రశ్న, ఊహ, ప్రయోగం, ఫలితం, నిర్ధారణ. పరిశీలన, ప్రశ్న, ఊహ..."

"ఏం మంత్రమే అది?"

"సైన్స్ చేసే పద్ధతి అవ్వా. ఆరు మెట్లు. శ్రవణ్‌కుమార్ సార్ ఇరవై సార్లు రాయమన్నడు."

"రాస్తే ఏమైతది?"

"ఏం గాదు. పది మార్కులు."

శ్రవణ్‌కుమార్ సార్ ఆ అద్దె భవనం బడిలో సైన్స్ చెబుతాడు. బడిలో ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. తాళంచెవి కరస్పాండెంట్ దగ్గర ఉంటుంది. పిల్లలు ఒక గాజు గొట్టాన్ని కూడా ముట్టుకోకుండానే ప్రయోగం అనే మాటను ఇరవైసార్లు రాస్తారు. చేతిరాత బాగుంటే సైన్స్ వచ్చినట్టే.

అఖిల పెన్ను పళ్ల మధ్య పెట్టుకుని అవ్వ చీర కుచ్చిళ్లకు అంటిన పేడ చూసింది. "ఇయ్యాల గూడ గోడ ఎనకనే కూసున్నవా?"

"కూసున్న. అయినా తగ్గినయ్ బిడ్డా. యాభై ఒకటి."

"నీ మొఖం చూడకున్నా తగ్గినయా?"

"గాలి తగిలిందంట."

పెన్ను పళ్లలోంచి బయటకొచ్చింది. "అవ్వా, గిది ముచ్చటే గాదు. నీ మొఖం చూస్తే తగ్గుతయన్నడు. చూడకుండ దాస్తే గూడ తగ్గినయ్. అంటే తప్పు మొఖంది గాదు. గాలి అంటుండు. రేపు చెప్పులు బయట పెట్టినా తగ్గితే నీడ అంటడు. ఏమొచ్చినా నీ మీదికే తెస్తుండు. తప్పని తేలే దారే ఉంచకపోతే అది ఊహ ఎట్లయితది? మా సార్ కంటే సేటే అన్యాయం."

"మెల్లగ మాట్లాడవే. ఆయన సేటు."

"సరే గానీ, తాత పోయి ఎన్నేండ్లు?"

"ఆరు."

"పాలు ఎప్పటి నించి తగ్గుతున్నయ్?"

బాలమ్మ వేళ్లు మడిచింది. ఆమె మొగుడు మల్లేశం ఇదే కొట్టంలో ఇరవై రెండేళ్లు పాలు పిండాడు. అతను పోయాక నాలుగేళ్లు ఆమె రోజూ తెల్లవారుజామునే వచ్చేది. అప్పుడు కొట్టంలో బోరు ఉండేది. పాలు తగ్గిన మాట ఎవరూ అనలేదు. రెండేళ్ల కింద ఎండాకాలంలో బోరు ఎండిపోయింది. అప్పటినుంచే నల్లా నీళ్లు, అప్పటినుంచే ఈ పాలు తగ్గడం.

"రెండేండ్లు," అంది మెల్లగా.

"మరి నడుమ నాలుగేండ్లు నీ మొఖం ఏం జేసింది? నిద్రవోయిందా?"

బాలమ్మకు నవ్వొచ్చింది. నెల రోజుల్లో అదే మొదటి నవ్వు. వెంటనే భయం కూడా వేసింది.

*

అఖిల ఆరు మెట్లనూ పక్కన పెట్టి రెండు రూపాయల పెన్నుతో నోటుబుక్కు మధ్యలో గీత కొట్టింది. ఒక వైపు నల్లా రోజులు, ఇంకో వైపు నల్లా లేని రోజులు. అంజన్ ఫోనులో పలక ఫోటోలు ఉన్నాయి. హోటలువాళ్లకు చూపించడానికి రోజూ తీస్తాడు. ఆ అంకెలన్నీ ఎత్తి రాసుకుంది. బాలమ్మకు చదువు రాదు గానీ అంకెలు వచ్చు. బస్సు నంబర్లు చూసి చూసి నేర్చుకుంది. నల్లా రోజున యాభై ఒకటి, యాభై రెండు, యాభై ఒకటి. లేని రోజున అరవై, యాభై తొమ్మిది, అరవై. గీతకు అటూ ఇటూ ఉన్న అంకెలను ఆమె పైకి చదువుకుంది.

"నల్లా రోజున నువ్వూ ఉంటవ్, నల్లా ఉంటది," అంది అఖిల. "రెండూ కలిసే వస్తుంటే తప్పు ఎవ్వరిదో తెల్వది. ఇడదియ్యాలె. నల్లా లేని రోజు పోయి నీ మొఖం చూపియ్యి."

"అమ్మో! పన్నెండు బర్రెలకు కీడు జేస్తనా?"

"నువ్వు నిజంగ కీడువైతే ఆ రోజు గూడ తగ్గుతయ్. తగ్గకపోతే నువ్వు కీడు గాదు. ఏదో ఒకటి తెలుస్తది గద."

రెండు రోజులు బాలమ్మ ఒప్పుకోలేదు. మూడో రోజు ఒప్పుకుంది. నల్లా లేని పొద్దున, ఐదింటికే, మరిచిపోయిన చీపురు వెతుకుతున్నట్టు కొట్టంలోకి వెళ్లింది. ఆ వేళకు సేటు గురక పెడుతుంటాడని, నల్లా రోజు తప్ప కెమెరా చూడడని అంజన్ చెప్పాడు. కొంగు వెనక్కి తోసి ఒక్కో బర్రె ముందు నిలబడింది. మొఖం చూపించింది. అవి నెమరు వేస్తూ ఆమెను చూశాయి. వంకర కొమ్ముల బర్రె ఆమె మోచేయి నాకింది. అంజన్ పలక మీద వేసే దాకా బాలమ్మ చీపురు పట్టుకుని అక్కడే తచ్చాడింది.

అరవై.

"ఒక్కసారికి నమ్మొద్దు," అంది అఖిల. "మళ్ల చెయ్యాలె." మళ్లీ చేసింది. అరవై మీద పావు.

ఆ రోజు బాలమ్మ అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది.

"మరి నీళ్లేనా?" అని అడిగింది చెయ్యి కడుక్కుంటూ. ఈ ప్రశ్న అఖిల అడగలేదు. బాలమ్మే అడిగింది. "నల్లా లేని రోజు ఒక్కో బర్రెకు రెండు బకెట్లే పోస్తం. మిగిలింది సేటు కారు కడుగుడికి, పాలల్ల..." ఆగి, కెమెరా ఇక్కడ లేదని గుర్తొచ్చి పూర్తిచేసింది. "పాలల్ల కలుపుడికి. ఎండకాలంల బర్రెకు ఐదు బకెట్లు కావాలె. ఆ పగలంత ఎండుతయ్. తెల్లారి నల్లా వచ్చి కడుపునిండ తాగినా గంటల పాలైతదా? అది మర్నాటి పాలల్ల కనవడ్తది."

పాలలో కలపడానికి నీళ్లున్నాయి. పాలిచ్చే దానికి లేవు. ప్రైవేటు ట్యాంకరు పదిహేను వందలు. వేణుగోపాల్‌కు అది దుబారా. స్వామికి పంపింది దుబారా కాదు.

"గిది ఊహ," అంది అఖిల కళ్లు మెరుస్తూ. "ఇగ పరీక్ష పెట్టాలె."

వేణుగోపాల్ కారు కోసం మూలన రెండు నీలం డ్రమ్ములు నింపి ఉంచుతారు. అతను మధ్యాహ్నం హోటళ్లకు పోయినప్పుడు ఆ నీళ్లు బర్రెలకు పోయాలని ఇద్దరూ అనుకున్నారు. పన్నెండింటికీ పోద్దామంది బాలమ్మ. వద్దంది అఖిల.

"ఆరింటికే పొయ్యాలె. ఆరింటికి పొయ్యొద్దు."

"దాహంతో చూస్తుంటే ఎట్ల పొయ్యకుంటనే? మనిషివేనా?"

"అన్నింటికి పోస్తే, ఆ రోజు పాలు పెరిగితే చలిగాలికి పెరిగినయ్ అంటడు సేటు. ఒకే కొట్టం, ఒకే గడ్డి, ఒకే పిండేటోడు, ఒకే నువ్వు. నీళ్లొక్కటే తేడా ఉండాలె. అప్పుడు ఇంక దేని మీదికి తోయనీకి రాదు."

"అయితే మంచి పాలిచ్చే ఆరింటికి పోద్దాం."

"అదే తప్పు! ఒకటి ఇడిసి ఒకటి. వరస ఎట్లుంటే అట్ల."

బాలమ్మ మనసొప్పలేదు. వంకర కొమ్ములది వరసలో నాలుగోది. దానికి రాదు. అయినా మొదటిదానికి, మూడోదానికి, ఐదోదానికి అలా పోస్తూ పోయింది. నాలుగోది బకెట్టు వాసన చూసి మెడ చాచింది. బాలమ్మ దాని నుదురు నిమిరి, "ఎల్లుండి నీ వంతే తల్లీ," అని దాటిపోయింది. ఏ బర్రెకు పోసిందో అంజన్‌కు చెప్పొద్దంది అఖిల. తెలిస్తే తెలియకుండానే ఆ పొదుగు గట్టిగా పిండుతాడు. తనను దొంగలా చూస్తున్నారని అంజన్ ఒక పూట అలిగాడు కూడా.

మరుసటి రోజు నల్లా రోజు. బాలమ్మ నీళ్లు మోసి, చెప్పులు బయట విడిచి, గోడ వెనక కూర్చుంది. ఈసారి కొంగు చాటున వేళ్లు మడుచుకుంటూ కూర్చుంది. అంజన్ గట్టిగా చదువుతున్నాడు. ఐదు. నాలుగు. ఐదుంబావు. నాలుగుంబావు. ఐదు...

నీళ్లు తాగిన ఆరు ముప్పై లీటర్లు ఇచ్చాయి. తాగని ఆరు ఇరవై ఐదు.

తర్వాతి సారి మార్చి పోశారు. వంకర కొమ్ములది పొట్ట పగిలేలా తాగింది. ఈసారి తాగినవి ఇరవై తొమ్మిదిన్నర, తాగనివి ఇరవై ఐదున్నర. మూడోసారీ అంతే.

ఇద్దరూ ఆ రాతను చూసుకున్నారు. బాలమ్మ వేలితో రెండు అంకెలూ తడిమింది.

"ఒకే మొఖం," అంది. "పన్నెండు బర్రెలు ఒకే మొఖం చూసినయ్."

*

అఖిల నోటుబుక్కు మొదట సైన్స్ ప్రాజెక్టుగా శ్రవణ్‌కుమార్ సార్‌కు ఇచ్చింది. సార్ రెండు వేళ్లతో పట్టుకుని ముక్కుకు దూరంగా పెట్టాడు. "పేడ కంపు కొడుతుంది. మాడల్ ఏది? కోఠిలో అగ్నిపర్వతం బొమ్మ నాలుగు వందల యాభైకి దొరుకుతుంది, అందరూ తెచ్చారు. నిర్ధారణ గైడులో ఉంటుందమ్మా. అది ముందు రాసుకుంటే ప్రయోగం ఎప్పుడూ తప్పదు," అన్నాడు. పదికి రెండు వేశాడు. ఆ రెండూ చేతిరాతకు.

ఆదివారం పొద్దున అఖిల ఆ బుక్కు పట్టుకుని అవ్వతోపాటు కొట్టానికి వచ్చింది. వేణుగోపాల్ కారు తుడిపించుకుంటున్నాడు.

"ఏంది పోరీ? ఫీజుకు పైసలా?"

"కాదంకుల్. పాలెందుకు తగ్గుతున్నయో దొరికింది."

అతను నవ్వాడు. తర్వాత ముప్పై, ఇరవై ఐదు అన్న అంకెలు చెవిన పడ్డాయి. నవ్వు ఆగింది. లాభానికి సంబంధించిన అంకె అయితే ఆ బుర్రలోకి ఇట్టే దిగుతుంది. బుక్కు గుంజుకుని మూడు పేజీలూ చూశాడు. మనసులో లెక్క వేశాడు. నల్లా రోజుకు తొమ్మిది లీటర్లు, లీటరు తొంభై. ఒక్క ట్యాంకరు వారం వస్తుంది. ఫోను తీసి పేజీలకు ఫోటోలు కొట్టుకున్నాడు. కారు డ్రమ్ముల నీళ్లు ఎవరి అనుమతితో పోశారని ఒకసారి, ఊరికే, అరిచాడు.

సాయంత్రానికల్లా కొట్టం ముందు ట్యాంకరు నిలబడింది. పత్తర్‌గట్టి హోటలువాళ్లతో ఫోనులో, "రీసెర్చ్ చేసిన భాయ్. మొత్తం నేనే పట్టుకున్న. సైంటిఫిక్‌గా పోవాలె," అంటుంటే అంజన్ విని బాలమ్మకు చెప్పాడు.

బాలమ్మకు కోపం రాలేదు. పేరు వాడు తింటే తిననీ, బర్రెలు నీళ్లు తాగుతున్నాయి. తన సంగతి ఒక్కటి తేలితే చాలు.

"ఇగ నేను గోడ ఎనక కూసునుడు లేదు గద, సేటు?"

వేణుగోపాల్ ఆమె వైపు జాలిగా చూశాడు. "నీళ్ల సంగతి వేరు, నీ సంగతి వేరు బాలమ్మా. పద్ధతి పద్ధతే. స్వామికి పైసలు గూడ కట్టిన. ఉద్యోగం తీస్త లేను గద, సంతోషపడు. ఎల్లుండి నల్లా, జల్ది వచ్చి ఎనకనే కూసో."

బాలమ్మ అతని మొఖాన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. గుండ్రంగా, నున్నగా, నుదుట వేలెడు కుంకుమ బొట్టుతో ఉంది. ఇన్నేళ్లుగా ఈ మనిషికి భయపడ్డానా అనుకుంది. చేతిలో పెట్టిన నిజంలోంచి పైసలున్న ముక్క కొరుక్కుని మిగతాది ఉమ్మేసినవాడు. బర్రె నయం, నీళ్లిస్తే పాలిస్తుంది.

*

నల్లా రోజు. బాలమ్మ నలభై బకెట్లు మోసింది. చివరి బకెట్టు కింద పెట్టింది. ఆదివారం నుంచి ట్యాంకరు నీళ్లు కడుపునిండా తాగిన బర్రెలు పడుకుని నెమరు వేస్తున్నాయి. అఖిల గేటు దగ్గర బడి సంచీతో నిలబడింది.

పేడకుప్ప వెనక చోటు ఖాళీగా ఉంది.

బాలమ్మ చెప్పులు తొడుక్కుని కొట్టం నడిమధ్యకు వచ్చింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కొంగు భుజం మీదికి జార్చింది. పక్కన అంజన్ వంకర కొమ్ముల బర్రె పొదుగు కడుగుతూ ఆమెను చూసి ఆగిపోయాడు.

"పిండు అంజన్. ఏం గాదు."

కెమెరా ఉలిక్కిపడింది. "బాలమ్మా! ఎనకకు పో!"

బాలమ్మ తలెత్తింది. కెమెరాలోకి, కిందినుంచి, కళ్లు తిప్పకుండా చూసింది. బొట్టు లేని నుదురు, ముడతలు, నెరిసిన జుట్టు, ఎడమ బుగ్గ మీద ఎండిన నీటి మరక, అన్నీ సేటు పరుపు మీది ఫోను నిండా పరుచుకున్నాయి.

"పోను సేటు."

"ఏమన్నవ్?"

"పోనన్న. ఎన్ని తగ్గుతయో ఇయ్యాల పలక చెప్తది. నీకు నా మొఖంతో తక్లీఫ్ ఉంటే నువ్వే ఫోను బోర్లేసుకో. లేకుంటే కిందికి రా. రోజూ పొద్దున్నే ముందు నీ మొఖం చూపిద్దాం బర్రెలకు. నెల రోజులు. ఏమైతదో రాసుకుందాం."

అంజన్ నవ్వును దగ్గులా మార్చాడు. కెమెరా చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

అఖిల సంచీలోంచి నోటుబుక్కు తీసి, ఖాళీ పేజీ మీద తారీఖు వేసింది. మధ్యలో గీత కొట్టింది. పై అంతస్తులో తలుపు గట్టిగా తెరుచుకుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.

పాల బకెట్టులో మొదటి ధార పడింది. బాలమ్మ లేవలేదు.